సరమ బిడ్డ

మా వీధికుక్క ఈనిన నాలుగు పిల్లలలో నొకదానిని, రెండు మాసములు నిండిన పిమ్మట, మేము పెంపకమునకు తెచ్చుకొంటిమి. అంతకుముందే తల్లినుండి వేఱుచేయరాదు. ఆటకై కఱచుటకును, నొప్పించుటకును గల భేదమును కూన తోబుట్టువులయొద్దనే నేర్చుకొనును.

మొదటి వారము రాత్రులు గుక్కపట్టి యేడ్చెను. నా పాతచీర మడిచి మంచము ప్రక్కనే పఱచితిని. మన ఊపిరి చప్పుడు వినబడినచో దానికి ధైర్యము. అసలు చిక్కు ఇల్లు తడుపుట. “నాలుగు తగిలించిన దారికి వచ్చును” అని మామగారు చేతికఱ్ఱ చూపిరి.

“కొట్టిన భయమే నేర్చును, మామయ్యగారూ. భారతమున సరమ కథ మీరే చెప్పితిరి గదా!” అంటిని.

జనమేజయుని యాగశాలలో ఏ తప్పును చేయని తన బిడ్డను రాజు తమ్ములు కొట్టిరని, సరమ యను దేవశునకము రాజునే నిలదీసిన కథ అది. ఆయన మాటాడలేదు. కఱ్ఱ మాత్రము మూలకు చేరెను.

నిద్ర లేవగనే, తిన్న వెంటనే, ఆడుకొన్న పిమ్మట కూనను పెరటికి గొనిపోవుచుంటిని. పని కాగానే మెచ్చి, చిన్న రొట్టెముక్క పెట్టెడిదానను. మూడు వారములకు అదియే తలుపు గీరసాగెను.

నులిపురుగుల మందు, పార్వో టీకా వరుసగా జరిగినవి. మూడవ మాసమున రేబీసు టీకా. ఈ యొక్కటి మాత్రము ఒక్కదినమైనను జరుపనీయలేదు; ఇంట పాకెడి బిడ్డ యున్నది. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట మనుజుడు బ్రదుకుట దాదాపు అసంభవము. 1885లో పాశ్చరు, కుక్క కఱచిన బాలునికి టీకా వేసి రక్షించిన నాటనుండి మార్గము తెలిసియే యున్నది. ఇంకను ఈ చావులేల?

టీకానాడు మామగారే దానిని తువాలులో చుట్టుకొని ఆటోలో వచ్చిరి. సూది గ్రుచ్చునపుడు మొగము ప్రక్కకు త్రిప్పుకొనిరి.