హ్యాండ్స్-ఆన్ అంటే



ఉద్యోగ ప్రకటనల్లో ‘హ్యాండ్స్-ఆన్ అనుభవం ఉండాలి’ అని రాస్తున్నారు, అంటే ఏమిటని మన యవ్వనస్థులు అడిగారు. చదివి తెలుసుకున్నది కాక, సొంత చేత్తో చేసిన అనుభవం అని చెప్పాం. కాలిన మోటారు గురించి మాట్లాడటం వేరు, దాన్ని విప్పి వైండింగ్ చుట్టడం వేరు. ఈ తేడా మన రైతులకు ఎవరూ బోధించనక్కరలేదు.

సంఘంలో మనకు ‘హస్తనిక్షేపణము’ అనే మాట ఉంది. అదీ చేతులుంచడమే. కాని ఆ మాట వినగానే మనకు అయ్యగార్ల అభిషేకమే గుర్తొస్తుంది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మళ్లీ చదవండి. విధవరాండ్రకు రోజూ పెట్టే భోజనం దగ్గర సణుగు పుట్టింది. ఏడుగురిని ఏర్పరచారు, అపొస్తలులు ప్రార్థించి వారిమీద చేతులుంచారు. దేనికి? అన్నం సరిగ్గా పంచడానికి!

మన పొరుగున నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఉంది. 1907లో నిజాం రాజ్యానికి వచ్చిన స్కాట్లాండు డాక్టరమ్మ ఇసబెల్ కెర్, భర్త జార్జ్ కెర్ అయ్యగారితో కలిసి 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి తెరిచారు. నర్సా గౌడ్ అనే హిందూ దాత డబ్బిచ్చి ఆదుకున్నారు. అప్పటి మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె. దాన్ని సూదితో ఎక్కించాలి, అదీ మళ్లీ మళ్లీ. ఊరు వెలివేసిన మనిషి చెయ్యి పట్టుకోకుండా సూది ఎలా వేస్తారు? మార్కు 1వ అధ్యాయంలో ప్రభువు మాటతోనే బాగుచేయగలడు, అయినా చెయ్యి చాపి ముట్టాడు.

అయితే, అన్నిట్లో తానే వేలు పెట్టే పై అధికారిని కూడా ఇంగ్లీషులో హ్యాండ్స్-ఆన్ అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతున్న మోషేను మామ యిత్రో ఆపింది అందుకే (నిర్గమ. 18). పాస్టరొక్కడే బెంచీలు మోసి, మైకు కట్టి, ఆసుపత్రికి తిరుగుతుంటే, మిగతావాళ్లం చేతులు కట్టుకుని పాటలు పాడుతున్నట్టే.

మన సంఘంలో ఒక తల్లి జ్వరంతో మంచం పట్టింది. చేనులో పత్తి పగిలి ఉంది, వానొస్తే తడుస్తుంది. ఆమె కోసం బుధవారం ప్రార్థించాం. శనివారం పొద్దున 6 గంటలకు మందిరం దగ్గర కలుద్దాం. ఒడి కట్టుకోవడానికి పాత చీర ముక్క, తాగడానికి నీళ్లు తెచ్చుకోండి.