చైత్రమాసంలో అరకు

మా రహమత్ నగర్ వీధిలో చాలా కుటుంబాలు సినిమా పరిశ్రమను నమ్ముకొని బ్రతుకుతున్నవే. ఒక ఇంట్లో లైట్‌మాన్, ప్రక్క ఇంట్లో మేకప్ అసిస్టెంటు, పై వాటాలో జూనియర్ ఆర్టిస్టులు. అందుచేత దేశంలో ఏ కొండ ఎక్కడున్నదో, ఏ జలపాతంలో ఏ నెలలో నీళ్ళుంటాయో మా వీధికి కంఠతా వచ్చు. 2025 ఏప్రిల్ రెండవ వారంలో నాలుగు సెలవులు కలిసివచ్చి, అరకు వెళ్తున్నామని చెప్పగానే, ఎదురింటి లైట్‌మాన్ నావైపు జాలిగా చూశాడు.

"అరకు డిసెంబర్ లొకేషన్ సార్. మంచుంటది, పసుపుపచ్చ వలిసెపూలుంటయి. ఎండకాలం పోయి ఏం జూస్తరు?"

ఆ సందేహం మా శ్రీమతికీ ఉన్నది. కాని మమ్మల్ని పిలిచినది లైట్‌మాన్ కాదు, మా శిష్యురాలు. ఆమె అరకు దగ్గర ఒక కొండపల్లె పిల్ల. ఐదేండ్ల క్రిందట మా కళాశాలలో బి.ఏ. చదివి, ఇప్పుడు తమ మన్యంలోనే పిల్లలకు పాఠాలు చెప్పుకొంటున్నది. క్లాసులో మూడేండ్లూ చివరి బెంచీలో కూర్చుని నోరు విప్పేది కాదు. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా కనుక తెలుగు అంతంత మాత్రమే కాబోలునని నేనూ ఊరుకొన్నాను. ఆ అమ్మాయే ఫోను చేసి, "మాస్టారూ! అందరూ చలికాలంలో వచ్చి మంచు చూసి పోతారు. మీరు చైత్రంలో రండి. అప్పుడు మేము ఉంటాము" అన్నది. ఆ చివరి మాట అర్థమేమిటో నాకు అప్పుడు బోధపడలేదు.

విశాఖపట్టణంలో తెల్లవారుజామున లేచి కిరండోల్ రైలు ఎక్కాము. ఈ రైలుమార్గమే ఒక వింత. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, ఓడల మీద జపానుకు పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి దీనిని వేశారు. గూడ్సు బండ్ల కోసం వేసిన దారిలో మనబోటి వాళ్ళం విహారానికి పోతున్నాము. 2017 ఏప్రిల్ నుండి కప్పుకు కూడా అద్దాలు బిగించిన పెట్టె ఒకటి తగిలిస్తున్నారు. దానికి టిక్కెట్లు ముందుగా తీసికోవాలి. మేము మామూలు పెట్టెలోనే ఎక్కాము. కిటికీ ఊచలకు ముఖం ఆనించి చూడడంలో ఉన్న సుఖం అద్దాల పెట్టెలో ఎక్కడిది!

శృంగవరపుకోట దాటగానే రైలు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రాగుహలు. స్టేషను స్టేషనుకూ గాలి చల్లబడుతున్నది. కొత్తవలస నుండి కిరండోల్ వరకు మొత్తం 58 సొరంగాలున్నవట. అరకు దాకా వచ్చేవి ఎన్నో తేల్చాలని మా అబ్బాయీ అమ్మాయీ పందెం వేసికొని లెక్కపెట్టారు. ఇద్దరి లెక్కకూ మూడు తేడా వచ్చింది. ఆ తగవు ఇంకా తీరలేదు. శిమిలిగుడ స్టేషను ఎత్తు సముద్రమట్టానికి 996 మీటర్లు. బ్రాడ్‌గేజి మార్గాల్లో దేశంలోకెల్ల ఎత్తైన స్టేషనుగా దానికి ఎన్నో ఏండ్లు పేరుండేది. అక్కడ నుండి కొంచెం దిగితే అరకు.

ఉన్నమాట చెప్పాలి. ఏప్రిల్‌లో అరకు ఊటీ కాదు. మధ్యాహ్నం ఎండ ఎండే. చాపరాయి మీద పారే ఏరు పలుచబడింది. వలిసెపూల పొలాలన్నీ ఎర్రమట్టి దుక్కులుగా ఉన్నవి. మా శ్రీమతి నాకేసి ఒకసారి చూసి ఊరుకొన్నది. కాని సాయంకాలం నాలుగు గంటలకు కొండ మీద ఉరిమి, అరగంట సేపు వాన కురిసి వెలిసేసరికి, శాలువలు పెట్టె అడుగున సర్దినందుకు ఆమే చింతించింది.

ఊళ్ళో చూడదగినవి ఒక పూటలో చూడవచ్చును. గిరిజన మ్యూజియంలో కొండవారి ఇల్లు, వాకిలి, వేట, వంట, నగలు బొమ్మలుగా చేసి పెట్టారు. పద్మాపురం తోట రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వెలసినది, ఇప్పుడు పూలతోట. పిల్లలు అక్కడి బొమ్మరైలు ఎక్కి దిగమంటే దిగలేదు. రాత్రి మా బసలో ధింసా ఏర్పాటు చేశారు. పదిమంది స్త్రీలు ఒకే రంగు చీరలు కట్టి, ఒకరి వెనుకనుండి ఒకరు చేతులు పెనవేసుకొని, తుడుము దెబ్బకు అడుగు కలుపుతూ గొలుసులా తిరిగారు. టూరిస్టులు మధ్యలో దూరి ఫోటోలు తీయించుకొన్నారు. నేనూ ఒకటి తీయించుకొన్నాను. అరగంటలో ఆట ముగిసింది. డబ్బు తీసికొని వాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. ధింసా చూశామని సంతృప్తిగా పడుకొన్నాము.

మర్నాడు జీపు మాట్లాడుకొని బొర్రా గుహలకు బయలుదేరాము. నాలుగు మైళ్ళు పోయామో లేదో, దారికి అడ్డంగా ఒక వెదురు బొంగు! దానికి అటూ ఇటూ ఇరవైమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళతో సహా, పాట పాడుతూ నిలబడ్డారు. ఒక అవ్వ జీపు కిటికీలో చెయ్యి పెట్టింది. డ్రైవరు జేబు తడుముకొంటున్నాడు.

నాకు కోపం వచ్చింది. "రోడ్డు ప్రభుత్వానిది. ఆపడానికి వీళ్ళెవరు? టూరిస్టులంటే ఇంత లోకువా?" అని లెక్చరు మొదలుపెట్టాను.

"ఇదేటి బాబూ! ఇటుకల పండగ కదేటి! పదో పరకో ఎయ్యండి, ఎల్లిపోదుం" అన్నాడు డ్రైవరు.

మా శ్రీమతి నా లెక్చరు పూర్తికాకుండానే యాభై రూపాయల నోటు అవ్వ చేతిలో పెట్టింది. వెదురు లేచింది. పాట మాత్రం ఆగలేదు. దారిలో మరి రెండు చోట్ల అదే కథ. బొర్రా చేరేవరకు నేను ముఖం ముడుచుకొనే కూర్చున్నాను.

గుహల్లోకి దిగాక కోపం ఎక్కడిదక్కడ చల్లారింది. బయటి ఎండకూ లోపలి చలికీ సంబంధం లేదు. సున్నపురాతిని కరిగించుకొన్న నీరు పైకప్పు నుండి బొట్టుబొట్టుగా జారుతూ, బొట్టుకు రవంత సున్నం వదిలి పోతుంది. పైనుండి క్రిందికి ఊడలు, క్రిందినుండి పైకి దిమ్మెలు పెరుగుతాయి. రెండూ కలిస్తే స్తంభం. ఒక్క స్తంభం నిలవడానికి ఎన్ని వేల ఏండ్లు పట్టినదో! ఆవు పొదుగులా ఉన్న రాతినుండి పుట్టినది గనుక గోస్తనీనది అని పేరు. ఇక్కడ పుట్టిన ఆ ఏరే భీమునిపట్టణం వద్ద సముద్రంలో కలుస్తుంది.

తిరుగుదారిలో కాఫీతోటల ప్రక్క జీపు ఆపించాము. చైత్రంలో వచ్చినవారికి మాత్రమే దొరికే భాగ్యం అక్కడున్నది. వేసవి తొలకరి పడిన కొద్ది రోజులకు కాఫీచెట్లు పూస్తాయి. కొమ్మ కొమ్మకూ తెల్లని పూలు గుత్తులుగా అతుక్కొని, మల్లెతోటలో నిలబడినట్లు వాసన. మూడు నాలుగు రోజుల్లో పువ్వు వాడిపోతుంది. చలికాలంలో వచ్చేవారికి ఎర్రని పండ్లే కనబడతాయి. నీడకోసం పెంచిన సిల్వర్‌ఓక్ చెట్లకు మిరియపు తీగలు అల్లుకొని ఉన్నవి. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేండ్ల ముందే పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. దానిని పండించేది ఎకరమో రెండెకరాలో ఉన్న కొండవాళ్ళు.

సాయంకాలం మా శిష్యురాలు బసకు వచ్చింది. కుశలప్రశ్నలు కాగానే వెదురుబొంగుల సంగతి ఆమెకు ఫిర్యాదుగా చెప్పాను. చదువుకొన్న పిల్ల, నాతో ఏకీభవిస్తుందనుకొన్నాను. ఆమె తల వంచుకొని చిన్నగా నవ్వింది.

"మాస్టారూ! మీరొకసారి క్లాసులో మీ తాతగారి సంగతి చెప్పారు. బడిపంతులుగా ఉండి, దసరాకు పిల్లలచేత విల్లంబులు పట్టించి, పద్యాలు పాడించుకొంటూ ఇల్లిల్లూ తిరిగేవారని. అది అడుక్కోవడం కాదా అని ఎవరో అబ్బాయి అడిగితే మీకు ఎంతో కోపం వచ్చింది. పాట పాడి పండుగ కట్నం తీసికోవడం యాచన కాదు, ఊరికి పంతులుమీద ఉన్న ప్రేమ అన్నారు. నేను నోట్సులో వ్రాసికొన్నాను."

నాకు మాట రాలేదు. మా శ్రీమతి నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

"ఆ డబ్బు ఒక్కరిది కాదండీ. ఊరంతా కలిసి వండుకొని తింటాము. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ రోడ్డుమీద మీరు పోతూంటారు, మేము ప్రక్కకు తప్పుకొంటాము. ఈ నాలుగు రోజులే మేము ఆపుతాము" అన్నది.

మూడేండ్లు చివరి బెంచీలో నోరు విప్పని పిల్ల ఇంత చక్కని తెలుగులో నాకు పాఠం చెప్పింది. తెలుగు రాక కాదు, నేను అడగక ఆమె మాట్లాడలేదు.

మర్నాడు వాళ్ళ పల్లెకు వెళ్ళాము. ఇటుకల పండుగకు ఫలానా తిథి అని లేదు. చైత్రంలో ఏ ఊరి పెద్దలు ఆ ఊరికి రోజు పెట్టుకొంటారు. వాళ్ళ పల్లెలో ఇంటింటినుండి పిడికెడు చోళ్ళు, సామలు, వడ్లు తెచ్చి గ్రామదేవత ముందు రాశి పోసి పూజించారు. ఆ విత్తనాలు మళ్ళీ ఇంటింటికీ పంచారు. వానలు పడగానే పొలంలో మొదట పడేవి అవే. పూజ అయ్యేదాకా ఎవరూ మామిడికాయ కొరకలేదు. మనకు ఉగాదిపచ్చడి ఎటువంటిదో వాళ్ళకు ఇది అటువంటిది.

తరువాత మగవాళ్ళు విల్లంబులు తీసికొని అడవికి బయలుదేరారు. పూర్వం రోజుల తరబడి నిజంగా వేటాడేవారట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అందుచేత ఈ ఊరివాళ్ళు అడవి దాకా వెళ్ళి, కాయో దుంపో పట్టుకొని తిరిగివస్తున్నారు. నేనూ మా అబ్బాయీ వాళ్ళ వెంట పోయాము. వాడు తెలివైనవాడు, ఒక పనసకాయ మోసుకొని వచ్చాడు. నేను కండువా దులుపుకొంటూ ఒట్టిచేతులతో వచ్చాను. ఊరిమొదట ఆడవాళ్ళు కుండలతో కాచుకొని ఉన్నారు. ఒట్టిచేతులతో వచ్చిన మగవాడికి బురదనీళ్ళ స్నానమట! లెక్చరరుగారని ఎవరూ మినహాయించలేదు. మొదటి చెంబు మా శ్రీమతే పోసిందని నా అనుమానం.

ప్రొద్దు వాలాక ధింసా మొదలైంది. తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు ఒక్కసారి మ్రోగాయి. ఇక్కడ ఒకే రంగు చీరలు లేవు, ఫోటోలకు ఆగడం లేదు. అవ్వలూ కోడళ్ళూ బడిపిల్లలూ ఒకే గొలుసు. ధింసాలో రకాలున్నవి: గ్రామదేవత పేర బోడ ధింసా, ఆకులు ఏరే పనిని చూపే పొతర్ తోల, పులినుండి తప్పించుకొనే భాగ్ ధింసా. మా శిష్యురాలు ప్రక్కన నిలబడి ఒక్కొక్క అడుగూ చెప్పుతూంటే నేను విద్యార్థిలా విన్నాను. గొలుసులో ఒక ముఖం ఎక్కడో చూసినట్లనిపించింది. మొన్న రాత్రి మా బసలో ఆడినామె! ఆమె కూడా నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"మొన్నటికంటె ఎంత బాగా ఆడుతున్నదో!" అన్నాను.

"మొన్న కూలి మాస్టారూ, ఇవాళ పండుగ" అన్నది మా శిష్యురాలు.

మా అమ్మాయిని ఎవరో చెయ్యి పట్టి గొలుసులో చేర్చుకొన్నారు. మొదట అడుగు తప్పింది, తరువాత కలిసింది. చీకటిపడినా వాళ్ళు ఆపలేదు, మేము లేవలేదు.

అప్పుడు నాకు ఫోనులో ఆమె అన్న మాట అర్థమైంది. చలికాలంలో అరకులో మంచు ఉంటుంది, పూలుంటాయి, మనం ఉంటాము. మన్యంవాళ్ళు మన పనులు చూస్తూ ఉంటారు. చైత్రంలో వాళ్ళు తమ ఇంట్లో తాము ఉంటారు. మనం చుట్టాలము. చుట్టం చుట్టంలా ఉంటే చాలు, ఆదరణకు లోటు లేదు.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. పండుగ రోజులు ముందుగా తెలియవు గనుక, చైత్రంలో నాలుగు రోజులు తీరిక చేసికొని వెళ్ళి అక్కడ విచారించండి. గొడుగూ శాలువా రెండూ ఉండాలి. పిలవనిదే పల్లెల్లోకి చొరబడవద్దు. అడగనిదే ఫోటో తీయవద్దు. తిరిగివచ్చేటప్పుడు సంతలో కొండ చింతపండు, పసుపు, చీపుళ్ళు కొనుక్కోవచ్చును. బేరం మరీ గీచి గీచి ఆడకండి.

ఇంటికి వచ్చిన సాయంత్రమే లైట్‌మాన్ ఎదురుపడ్డాడు. బురదమరకలు పోని నా పంచె దండెం మీద ఆరుతున్నది. దానిని చూసి, "ఏమైంది సార్? పడ్డరా?" అన్నాడు. జరిగినదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "షూటింగుకు మంచిగుంటదా సార్? మా మేనేజరుకు చెప్పనా?" అని అడిగాడు.

"షూటింగుకు వద్దు. పిల్లలను తీసికొని నువ్వు వెళ్ళు. చిల్లర మాత్రం మరిచిపోకు" అన్నాను.