నెహుష్టాను



విగ్రహారాధనను గూర్చి మాట్లాడవలసి వచ్చినప్పుడు మా ఉపదేశకులలో అనేకులు నిర్గమకాండము 32వ అధ్యాయములోని బంగారు దూడనో, లేక యెషయా 44వ అధ్యాయములో మ్రానులో సగము పొయ్యిలో పెట్టి మిగిలిన సగముతో దేవుని చేసికొన్న మనుష్యునో ఎత్తుకొందురు. అవి వినుట మనకు సుళువు. విన్నంతసేపు మన మనస్సు పొరుగు వీధిలోని గుడి మీదికి పోవును గాని మన మీదికి రాదు. కావున ఈ నెల వేరొక వచనమును మీ యెదుట ఉంచగోరుచున్నాను. అది రాజుల రెండవ గ్రంథము 18వ అధ్యాయము 4వ వచనము.

దాని పూర్వకథ సంఖ్యాకాండము 21వ అధ్యాయములో నున్నది. ఇశ్రాయేలీయులు ఎదోము దేశమును చుట్టి పోవుచు, అన్నము లేదని, నీళ్లు లేవని సణిగిరి. సర్పములు వచ్చి కరచెను, అనేకులు చనిపోయిరి. మోషే వారికొరకు ప్రార్థింపగా, ఇత్తడితో సర్పమును చేయించి స్తంభము మీద నిలుపుమని దేవుడు సెలవిచ్చెను. దానివైపు చూచిన వారు బ్రదికిరి.

గమనించుడి. ఆ సర్పమును చేయుమన్నవాడు దేవుడే. చేసినవాడు మోషే. దాని మూలముగా ప్రాణములు దక్కినది నిజమే. దానిలో ఏ దోషమును లేదు.

తరువాత 500 ఏండ్లకు తక్కువ గాని కాలము గడచెను. క్రీస్తుకు పూర్వము 8వ శతాబ్దపు చివర యూదాలో హిజ్కియా రాజాయెను. ఆయన ఉన్నత స్థలములను కొట్టివేయించి, దేవతాస్తంభములను పడగొట్టించి, వాటితో కూడ మోషే చేసిన ఆ సర్పమును సహితము పగులగొట్టించెను. ఏలయనగా ఆ దినములవరకు జనులు దానికి ధూపము వేయుచుండిరి. దానికి నెహుష్టాను అను పేరు కలిగెను. ఆ పేరులో హెబ్రీ భాషయందు సర్పమును తెలుపు మాటయు, ఇత్తడిని తెలుపు మాటయు రెండును వినబడును. ఇది ఇత్తడియే గాని మరేమియు కాదని చెప్పినట్లున్నది.

ఆ ధూపము ఒక్కనాడు మొదలై యుండదు. మొదట జ్ఞాపకార్థమై దాచియుందురు. తరువాత తుడిచి మెరుగు పెట్టియుందురు. మా తాతలను బ్రదికించినది ఇదేయని పిల్లలకు చూపియుందురు. కడకు బ్రదికించిన దేవుడు వెనుకకు పోయెను, ఇత్తడి ముందుకు వచ్చెను.

ఇట్టిది ఒక్కటే కాదు. మిద్యానీయుల చేతిలోనుండి ప్రజలను విడిపించిన గిద్యోను, దోపుడు బంగారముతో ఏఫోదును చేయించి తన ఊరిలో ఉంచగా, అది అతనికిని అతని ఇంటివారికిని ఉరియాయెను. సమూయేలు మొదటి గ్రంథము 4వ అధ్యాయములో, మందసము వెంట నున్నయెడల గెలుపు తప్పదని దానిని యుద్ధభూమికి మోసికొని పోయిరి. 30,000 మంది కాల్బలము కూలెను, మందసమే శత్రువుల పాలాయెను. ఏఫోదును మందసమును అన్యుల వస్తువులు కావు. దేవుని సేవకు సంబంధించినవే.

ఇక మన పొరుగువారి సంగతి. వారిని గూర్చి అబద్ధ సాక్ష్యము పలుకుట మనకు తగదు. వినాయక చవితికి మట్టితో ప్రతిమ చేసి, ఆవాహనము చేసి పూజించి, ఉద్వాసన చెప్పి నీట కలుపువారు ఆ మట్టియే దేవుడని యెంచుట లేదు. పిలిచిన దైవము ఆ రూపమున నిలుచునని వారి విశ్వాసము. ప్రతిమలు వలదన్నవారు వారిలోను లేకపోలేదు. 1828లో కలకత్తాలో పుట్టిన బ్రహ్మసమాజము విగ్రహములు లేని ఆరాధనను బోధించెను. మన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు ఆ మతమునే అవలంబించిరి. మన మార్గము వేరు. హోరేబులో మీరు ఏ రూపమును చూడలేదు సుమా అని ద్వితీయోపదేశకాండము 4వ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఆ మార్గమును మనము దాచనక్కరలేదు, పరిహాసమును చేయనక్కరలేదు. ఎఫెసులో అల్లరి రేగినప్పుడు, ఈ మనుష్యులు మన దేవతను దూషించినవారు కారని ఆ పట్టణపు కరణమే పౌలు స్నేహితుల పక్షమున సాక్ష్యమిచ్చెను. మన పొరుగువారు మనలను గూర్చి అట్టి సాక్ష్యము ఇయ్యగలరా?

సంఘచరిత్రలోను ఈ వివాదము చిన్నది కాదు. 8వ శతాబ్దములో తూర్పు రోమా చక్రవర్తియైన మూడవ లియో పరిశుద్ధుల పటములను నిషేధించెను. 787లో నికయలో కూడిన మహాసభ, పటమునకు గౌరవము చేయవచ్చును గాని ఆరాధన దేవునికే చెల్లునని తీర్మానించెను. 1524లో జూరిచ్ పట్టణపు గుళ్లనుండి ప్రతిమలను తీసివేయించిరి. గోడలు తెల్లనాయెను. అయితే గోడలు తెల్లనైనంతమాత్రమున హృదయములు తెల్లనగునా?

నేనెరిగిన ఒక గ్రామసంఘములో కంచు గంట యొకటి కలదు. మొదటి విశ్వాసులు కూలి డబ్బులలో అణాలు మిగిల్చి దానిని కొనిరి. కొంతకాలమునకు ఊరు రెండు పేటలాయెను. క్రొత్త గుడి కట్టునప్పుడు గంట ఏ పేటలో వ్రేలాడవలెనని తగవు పుట్టెను. ఒక రాత్రి ఒక పక్షమువారు గంటను దింపి గోనెసంచిలో చుట్టి ఒకరి యింట దాచిరి. రెండేండ్లు ఆ సంఘములో ప్రభురాత్రి భోజనము జరుగలేదు. ఒక యింట ముసలాయన చనిపోగా, తోడబుట్టినవాడే పాడె మోయుటకు రాలేదు.

నేను ఇరుపక్షములతో మాట్లాడుటకు వెళ్లితిని. పెద్దలు తమ తమ న్యాయము చెప్పుచుండగా, మూలను కూర్చున్న ఒక అవ్వ, "అయ్యగారూ, ఆ గంట కొన్ననాడు మా నాయన నాలుగణాలు ఇచ్చినాడు. అందరూ కలిసి ప్రార్థనకు రావాలని ఇచ్చినాడు. ఇప్పుడు దాని మూలంగానే ఎవరూ రావడం లేదు. అది గంటెట్లా అవుద్ది?" అనెను. ఎవరును బదులు పలుకలేదు. ఆ దినమున తగవు తీరలేదు. అయితే తరువాతి ఆదివారము ఎవరో వేపచెట్టుకు రైలుపట్టా ముక్క యొకటి కట్టి కొట్టిరి. ఆ చప్పుడుకు రెండు పేటలనుండియు కొందరు వచ్చిరి. గంట నేటికిని ఆ గోనెసంచిలోనే యున్నది.

మన తెలుగులో విగ్రహమను మాటకు రూపము, దేహము అని అర్థము. కలహము అనియు అర్థమున్నది. సంధి విగ్రహములు అన్నప్పుడు విగ్రహమనగా పోరు. ఈ రెండవ అర్థమే మన సంఘములను పరీక్షించుటకు ఉపయోగపడును. అన్నదమ్ములు గట్టు జానెడు జరిగినదని మాటలాడుకొనుట మానిరా? ఆ జానెడు నేల అక్కడ విగ్రహమైనది. కట్నము తక్కువైనదని కోడలిని పుట్టింటికి పంపిరా? ఆ సొమ్ము ఆ యింట ధూపము అందుకొనుచున్నది. ధనాపేక్ష విగ్రహారాధనయేయని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో అపొస్తలుడు స్పష్టముగా చెప్పెను. పొలము దేవుడిచ్చినదే, బిడ్డల పెండ్లి దేవుడిచ్చినదే. ఇత్తడి సర్పమును దేవుడిచ్చినదే.

మీ యింటనున్న ప్రతి మంచి వస్తువును ఎత్తి చూచి ఈ ప్రశ్న వేసికొనుడి: ఇది నాయొద్దనుండి పోయినయెడల నేను దేవుని సేవింపగలనా? నా సహోదరుని ప్రేమింపగలనా? గలననినచో దానిని కృతజ్ఞతతో ఉంచుకొనుడి. లేననినచో దానికి దాని నిజమైన పేరు పెట్టుడి. ఇది నేల, ఇది రూపాయి, ఇది కంచు.

హిజ్కియా దానిని పగులగొట్టినందున దేవుని స్వస్థత యూదానుండి తొలగిపోలేదు. ఆ రాజే తరువాత మరణకరమైన రోగములో కన్నీటితో ప్రార్థింపగా, ఆయుష్షులో 15 ఏండ్లు కూర్చబడెను. మన ప్రభువు కూడ నీకొదేముతో మాట్లాడిన రాత్రి, మోషే ఎత్తిన ఆ సర్పమును జ్ఞాపకము చేసి, తానును ఆలాగే ఎత్తబడవలెనని చెప్పెను. ఇత్తడి పోయెను, చూడవలసినవాడు ఉన్నాడు. మన చూపు ఆయన మీద నిలుచునట్లు దేవుడు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.