ఇచ్చట డిస్కులు ఉచితంగా సర్దబడును

ఇంట్లో పాత కంప్యూటర్ స్లో అయిందని నలుగురిలో అంటే చాలు, సలహాలు వచ్చి పడతాయి. ర్యామ్ పెంచమని ఒకరంటారు, ఫార్మాట్ కొట్టించమని ఇంకొకరంటారు, ‘ఓసారి డీఫ్రాగ్ చేసి చూడండి’ అని మరొకరు. మొదటిదానికి డబ్బు కావాలి, రెండోదానికి గుండె ధైర్యం కావాలి. మూడోదానికి రెండూ అక్కర్లేదు కనక జనం దానివైపే మొగ్గుతారు. తీరా నెట్‌లో వెతికితే ఉచిత డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు ఒకటి కాదు, డజను ఎదురవుతాయి.

ఇంతకీ డీఫ్రాగ్ చేసే పనేమిటి? వారపత్రికల సీరియళ్లు జోరుగా నడిచిన రోజుల్లో చాలా ఇళ్లలో ఆ పేజీలు చించి, వరుసగా పేర్చి బైండు చేయించుకునేవారు. బైండు చేయించని సీరియల్ చదవాలంటే అటక మీది సంచికలన్నీ తిరగెయ్యాల్సిందే. ముక్కలైన ఫైలు సంగతీ ఇంతే. డిస్కులో ఒకేచోట ఖాళీ దొరకనప్పుడు విండోస్ ఫైలును దొరికిన చోటల్లా ముక్కలుగా రాసిపెడుతుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన ముక్క డిస్కును చదివే తల (హెడ్) కిందికి వచ్చేదాకా సగటున అందులో సగం సేపు ఆగాలి. తలను మోసే చేయి అక్కడికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో మిల్లీసెకన్లు. ముక్కకు సుమారు 13 మిల్లీసెకన్లంటే కంటికి ఆనదు. వెయ్యి ముక్కలైతే 13 సెకన్లు. ‘ఓపెన్ అవడం లేదేంటి’ అని మౌస్‌ను టకటకలాడించేది ఆ పదమూడు సెకన్లలోనే.

ఈ బైండింగు పని విండోస్ చాలాకాలంగా తనే చేసిపెడుతోంది. 1993లో వచ్చిన ఎంఎస్ డాస్ 6లోని డీఫ్రాగ్‌ను మైక్రోసాఫ్ట్ సిమాంటెక్ దగ్గర లైసెన్సుకు తెచ్చుకుంది. విండోస్ 95, 98ల్లో అది రంగురంగుల గళ్ల తెరగా మారింది. ఆ గళ్లు ఒక్కొక్కటే కదులుతుంటే కుర్చీ వెయ్యకుండా చూస్తూ నిలబడిపోయినవారు ఎందరో. అయితే 98కి ఒక చాదస్తం ఉండేది. మధ్యలో ఏ ప్రోగ్రామైనా డిస్కు మీద రెండక్షరాలు రాసిందా, పని మళ్లీ మొదటికొచ్చేది. అందుకే తెలిసినవాళ్లు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీఫ్రాగ్ పెట్టేవారు. ఎక్స్‌పీలోది డిస్క్‌కీపర్ కంపెనీ సరుకు. విస్టాకొచ్చేసరికి గళ్లు తీసేశారు. మంగళవారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు దానంతటదే నడిచేలా టైమ్ పెట్టారు. ఆ వేళకి మన ఇళ్లలో కంప్యూటర్ ఆన్‌లో ఉండదన్నది వేరే విషయం. తర్వాత ఎప్పుడు ఖాళీగా ఉంటే అప్పుడు అందుకుంటుంది.

మరి బయటి సాఫ్ట్‌వేర్ దేనికి? ప్రకటనల్లో కనపడని ముచ్చట ఒకటుంది. 1996 నాటి విండోస్ ఎన్‌టీ 4 నుంచి ఫైలు ముక్కలను సురక్షితంగా జరిపే ఏర్పాటు విండోస్ లోపలే ఉంది. ఉచిత డీఫ్రాగర్లన్నీ దాదాపుగా ఆ ఏర్పాటునే వాడుకుంటాయి. చేయి ఒక్కటే, మారేది చొక్కా. ఏ ఫైలు ఎక్కడ పెట్టాలన్న లెక్కలోనూ, తెర ముస్తాబులోనూ తేడా చూపిస్తాయి.

కాబట్టి ఎంచుకోవడంలో వేగం కన్నా మర్యాద చూసుకోవాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందే టిక్ పెట్టిన డబ్బాల చాటున టూల్‌బార్లూ, ‘రిజిస్ట్రీ క్లీనర్లూ’ దిగబడే రకాలకు కొదవలేదు. ఏ పుట్టలో ఏ పాముందో అన్నట్టు ప్రతి ‘నెక్స్ట్’ దగ్గరా ఆగి చదవాలి. ఈ విషయంలో పాత జేకే డీఫ్రాగ్‌కు మార్కులెయ్యాలి. యెరూన్ కెసెల్స్ అనే డచ్ ప్రోగ్రామర్ రాసి, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేశాడు. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది. స్క్రీన్‌సేవర్‌గా పెట్టుకునే రూపం కూడా ఉంది. పిరిఫార్మ్ వాళ్ల డీఫ్రాగ్లర్ తెలుగు ఇళ్లలోనూ బాగానే తిరిగింది. డ్రైవ్ అంతా కాకుండా ఒక్క ఫైలునో ఫోల్డర్‌నో ఎంచి సరిచేయడం అందులో తేలిక. అయితే 2018 తరువాత అందులో చెప్పుకోదగ్గ కొత్తదనమేమీ రాలేదు. పైగా అదే కంపెనీ సీక్లీనర్‌లో 2017లో హ్యాకర్లు దొంగ కోడ్ చొప్పించిన ఉదంతం ఒకటుంది. పేరున్న ఉచితాన్నీ గుడ్డిగా నమ్మలేం. నల్ల తెర మీద కమాండ్లు కొట్టడానికి జంకనివారికి సిస్‌ఇంటర్నల్స్ వారి కాంటిగ్ ఒక్క ఫైలును క్షణాల్లో అతికించి తప్పుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ ఏదైనా సి డ్రైవ్ కిక్కిరిసి ఉంటే చేతులెత్తేస్తుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించిన సిస్టమ్‌లను గుర్తుకు తెచ్చుకుంటే కారణం తెలుస్తుంది. 80 జీబీ డిస్కును సి, డి, ఇ అని పంచి, సికి పదో ఇరవయ్యో విదిల్చేవారు. ఫార్మాట్ కొట్టినా డిలోని పాటలూ పెళ్లి వీడియోలూ మిగలాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ విండోస్, ప్రోగ్రాములు, డెస్క్‌టాప్ మీద పడేసిన ఫొటోలు అన్నీ ఆ ఇరుకు గదిలోనే. పదిహేను శాతమైనా ఖాళీ లేకపోతే పని సరిగా సాగదని ఎక్స్‌పీ డీఫ్రాగ్ ముందే హెచ్చరించేది. ముందు డిస్క్ క్లీనప్, తర్వాత డీఫ్రాగ్. వరుస తిరగబడితే చెత్తను కూడా ముచ్చటగా సర్దినట్టవుతుంది.

ఇంకో గాభరా ఉంది. విండోస్ 7 ‘ఒక శాతమే ముక్కలైంది’ అంటుంది, బయటి సాఫ్ట్‌వేర్ ముప్పై చూపిస్తుంది. రెండూ అబద్ధం కావు. 64 ఎంబీ దాటిన ముక్కలను విండోస్ లెక్కలోకి తీసుకోదు. అంత ముక్క చదవడానికి పాత డిస్కుకు ఒక సెకను పడుతుంటే, తర్వాతి ముక్కకు దూకే 13 మిల్లీసెకన్లు ఏ మూలకి? పెళ్లి వీడియో నలభై ముక్కలైనా అక్షింతలు ఆగకుండానే పడతాయి.

డిస్కే మూలుగుతుంటే మాత్రం సర్దుడు మానుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత జపాన్ సాఫ్ట్‌వేర్ డిస్కు ఆరోగ్యాన్ని రంగుల్లో చెప్తుంది. పసుపో ఎరుపో కనపడితే ముందు ఫొటోలు కాపీ చేసుకోవాలి. గంటల తరబడి డీఫ్రాగ్ పెడితే చావుబతుకుల డిస్కును కొండ ఎక్కించినట్టే. ఎస్ఎస్‌డీ ఉన్నవారికి ఈ గొడవే లేదు. అందులో తిరిగేదేమీ లేదు కనక ముక్కలున్నా వేచివుండే పని లేదు, ఊరికే రాయడం వల్ల అరుగుదల తప్ప. విండోస్ 8 నుంచి ‘ఆప్టిమైజ్’ నొక్కితే ఎస్ఎస్‌డీకి, ఏ చోట్లు ఖాళీ అయ్యాయో చెప్పే ట్రిమ్ కమాండ్ పంపుతుంది.

డీఫ్రాగ్ ఇప్పటికీ అసలు పనికొచ్చే చోటు పాత హార్డ్ డిస్కులతో నెట్టుకొస్తున్న డీటీపీ షాపులు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అలవాటైన చేతులు ఎక్స్‌పీని వదలవు, 2014 ఏప్రిల్ 8తో దానికి మైక్రోసాఫ్ట్ అండ పోయినా సరే. అలాంటి సిస్టమ్‌ను నెట్‌కి తగిలించకుండా, పెన్‌డ్రైవ్‌లో జేకే డీఫ్రాగ్ తెచ్చి, శుభలేఖల ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసి, షాపు షట్టర్ దించేముందు పెట్టి వెళ్లడం తెలివైన పద్ధతి. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం ఏ ఓనరూ అందుకు ఒప్పుకోడు. రాత్రి పదకొండుకి కూడా ఎవరో ఒకరు ముహూర్తం టైమ్ తప్పు పడిందని ప్రూఫ్ పట్టుకుని వస్తారు.