మోటారుకు మంచినీళ్లు

పాత అవుట్‌బోర్డు మోటారు సముద్రంలో కంటే ఒడ్డు మీదే ఎక్కువ పాడవుతుంది. వేటలో ఉన్నంతసేపూ దాని ఒంట్లో నీళ్లు పారుతూనే ఉంటాయి. అడుగున ఉన్న పంపు సముద్రపు నీటిని పైకి తోడి, సిలిండరు చుట్టూ తిప్పి, వెనక ఉన్న చిన్న రంధ్రం గుండా బయటికి చిమ్ముతుంది. ఇంజిను ఆపాక ఆ నీళ్లలో కొన్ని దారిలోనే మిగిలిపోతాయి. వేడికి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. రోజుకో పొర పేరుకుంటూ పోతే కొన్నాళ్లకు నీటిదారి సన్నబడుతుంది. ఒకరోజు నడిసముద్రంలో పిస్టను పట్టేస్తుంది. అందరూ ఆ రోజునే చెడిపోయిందంటారు గానీ, అది చెడడం మొదలై ఏళ్లు గడిచి ఉంటాయి.

విశాఖ ఫిషింగ్ హార్బరులో లంగరేసి ఉండే మరబోట్ల సంగతి వేరు. వాటి డీజిల్ ఇంజిన్లు బోటు కడుపులో ఉంటాయి, చూడ్డానికి డ్రైవరు ఉంటాడు. నేను చెప్పేది పెదజాలారిపేట, మంగమారిపేట, భీమిలి ఒడ్డున ఇసుక మీద వరసగా కనిపించే ఫైబర్ బోట్ల గురించి. ఇక్కడ కెరటం ఒడ్డునే విరుగుతుంది. బోటును పదిమంది కలిసి ఇసుక మీదికి ఈడ్చుకు రావాలి. అడుగున షాఫ్టు, ఫ్యాను వేలాడుతుంటే అది కుదరదు. వెనక తగిలించిన మోటారైతే ఒడ్డు దగ్గరపడగానే పైకి ఎత్తేస్తారు, బోటు జారుకుంటూ ఇసుకెక్కుతుంది. చెక్క దుంగలు కట్టిన తెప్పలు పోయి ఫైబరు వచ్చినా ఒడ్డు మారలేదు. అందుకే ఈ ఒడ్డున అవుట్‌బోర్డు నిలబడింది.

ఒడ్డున తిరిగే యమహాలు, సుజుకీలు ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది హార్స్‌పవర్లవి. చేతులు మారి మారి, రంగు మీద రంగు పడి, కొన్నింటికి నంబరు ప్లేటు కూడా మిగల్లేదు. యమహా మొదటి అవుట్‌బోర్డు వచ్చింది 1960లో, సుజుకీది 1965లో. వీటికంటే ముందు, 1909లోనే అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ తన మోటారును అమ్మకానికి పెట్టాడు. ఆ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. ఇంగ్లండులో ఎందరో ఇష్టపడ్డ బ్రిటిష్ సీగల్ 1996లోనే ఆగింది. కంపెనీ మూతపడ్డా మోటారు బతికి ఉండటం ఈ యంత్రాల్లో నాకు బాగా నచ్చే గుణం. లోపల దాచిపెట్టినదంటూ ఏమీ ఉండదు. స్పానరు, స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజి ఉంటే చాలు, మొత్తం విప్పి చాప మీద పరుచుకోవచ్చు.

ఆ పనికి ఇక్కడ ఒక కాలం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ అరవై ఒక్క రోజులూ మోటార్లు టార్పాలిన్ కింద పడుకుంటాయి. సరిగ్గా మండు వేసవి అది. కార్బురేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలు ఎగిరిపోయి, ఆయిలు జిగురై అడుగుకు పట్టేస్తుంది. జూన్‌లో తాడు ఎంత లాగినా పలకని మోటార్లలో చాలా వాటి జబ్బు ఇదే. ఆఖరి వేట నుంచి వచ్చిన రోజున పెట్రోలు పైపు పీకేసి, ఇంజిను తనంతట తాను ఆగిపోయేదాకా తిప్పితే ఈ బాధ ఉండదు.

విశాఖ ఉక్కు కర్మాగారంలో మెయింటెనెన్సు పని చేసినవాణ్ణి కావడంతో యంత్రం కనబడితే ముందు చెయ్యి పోతుంది. పెదజాలారిపేటలో ఒక పెద్దాయన నా చేతిలోంచి తాడు తీసేసుకుని, “అలా లాగెయ్యకు బాబూ. ముందు ప్లగ్గు ఇప్పి సూడు, అదే సెప్తాది” అన్నాడు. ప్లగ్గు మొన బిస్కెట్ రంగులో ఉంటే లోపల అంతా బాగున్నట్టే. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిలు ఎక్కువైంది, లేదా పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లగా మాడి ఉంటే పెట్రోలు చాలడం లేదు, సిలిండరు వేడెక్కుతోంది. ఆ తర్వాతే ఫ్లైవీలు కింద ఉండే, నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల వంతు. ఈ చిన్న జపాను మోటార్లలో చాలా వాటికి పాయింట్ల ఎడం 0.35 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఉప్పుగాలికి వాటి మొహాలు గుంటలు పడతాయి. సన్నటి ఎమరీతో రుద్ది, తర్వాత మామూలు కాగితం ముక్కను మధ్యలోంచి లాగాలి. ఎమరీ పొడి కాస్త మిగిలినా నిప్పురవ్వ పుట్టదు. ఒకప్పుడు చేతక్ స్కూటరు బాగుచేసిన మెకానిక్కులందరికీ ఈ పని కొట్టిన పిండి. వాళ్లు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకునే కుర్రాళ్లు లేకపోవడం మోటార్లు పాతబడటం కంటే పెద్ద నష్టమని నా అభిప్రాయం.

కార్బురేటరు జెట్టు శుభ్రం చేయడం ఆ పెద్దాయన దగ్గరే చూశాను. ఇత్తడి ముక్క, మధ్యలో సూది మొనంత బెజ్జం. ఊళ్లో చాలామంది అందులో ఇనప తీగ గుచ్చుతారు. ఇత్తడి మెత్తన, ఇనుము గట్టి. బెజ్జం కాస్త పెద్దదైందంటే ఇక ఆ మోటారు ఎప్పటికీ పెట్రోలు ఎక్కువే తాగుతుంది. ఆయన పక్కనున్న వలలోంచి తంగూసు ముక్క తెంపి, పెట్రోలులో ముంచి, బెజ్జంలోంచి అటూ ఇటూ లాగాడు. నైలాను ఇత్తడిని గీరదు. జిగురు మాత్రం ఊడొచ్చింది. వెలుగుకు అడ్డంపెట్టి నాకు చూపించాడు. గుండ్రటి వెలుగు చుక్క, అంచులు నున్నగా.

అదే తంగూసు ఫ్యాను దగ్గర శత్రువు. తెగిన వలముక్క ఫ్యాను వెనక షాఫ్టుకు చుట్టుకుని, తిరిగీ తిరిగీ ఆయిల్ సీలును కోసేస్తుంది. పైకి ఏమీ కనబడదు. గేరు బాక్సు కింది స్క్రూ విప్పితే నల్లగా రావలసిన ఆయిలు పాలు కలిపిన టీలా వస్తుంది. అంటే నీళ్లు దూరాయన్నమాట. ఫ్యాను విప్పి ఆ చుట్టు తీసి, సీలు మార్చాలి. కొత్త ఆయిలును కింది బెజ్జంలోంచి ఎక్కించి, పై బెజ్జంలోంచి బుడగలు లేకుండా పొర్లేదాకా ఆగాలి. పైనుంచి పోస్తే లోపల గాలి ఉండిపోతుంది.

ఇంధనం గురించి ఒక మాట చెప్పాలి. పాత మోటార్లకు పెట్రోలులో ఆయిలు కలిపి పోస్తారు. ఇరవై అయిదుకు ఒకటి అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, యాభైకి ఒకటైతే 20. ఏది తన మోటారుకు సరిపోతుందో తెలియకుండా పోయకూడదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, విశాఖ గాలికి చెమ్మ కొదవా? పాత రబ్బరు పైపులు దానికి ఉబ్బి పగుళ్లిస్తాయి. అందుకని ఏ రోజు ఇంధనం ఆ రోజే కలుపుకోవాలి, పైపులు మార్చేయాలి. ఎంత ట్యూనింగ్ చేసినా ఈ టూస్ట్రోకు మోటారు తాగినదాంట్లో నాలుగో వంతు దాకా మండకుండానే నీళ్లలోకి వదిలేస్తుందన్నది కూడా నిజం. ఆ కారణంగానే అమెరికాలో 1998 నుంచి 2006 మధ్య నిబంధనలు బిగించి వీటిని దాదాపు పక్కకు నెట్టారు. మోటారంటే ఎంత ప్రేమ ఉన్నా ఆ సంగతి దాచలేను. సరిగ్గా ట్యూన్ చేసిన మోటారు తక్కువ వదులుతుంది, అంతవరకే.

మళ్లీ నీళ్ల దగ్గరికే వస్తాను. ఉప్పు పేరుకోకుండా చేసే వైద్యం చాలా తేలిక. వేట నుంచి రాగానే మోటారు కాలును మంచినీళ్ల డ్రమ్ములో దించి, నెమ్మదిగా పది నిమిషాలు తిప్పితే చాలు. నీళ్లు లేకుండా ఉత్తినే తిప్పకూడదు, పంపులోని రబ్బరు రెక్కలు క్షణాల్లో కాలిపోతాయి. ఈ వైద్యం తెలియక ఎవరూ మానేయడం లేదు. ఒక బోటు యజమాని భార్యను అడిగితే, “తాగడానికే నీల్లు సాలవు, ఇంజినుకి డ్రమ్ముడు నీల్లు ఎక్కణ్ణించి తెత్తాం బావూ?” అంది. కుళాయి దగ్గర బిందెతో నిలబడి వచ్చిన మనిషి ఆమె. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు.

మా కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్‌ఫర్నేసుల గోడల్లో పగలూ రాత్రీ నీళ్లు తిరుగుతూ ఉంటాయి. ఎక్కడో ఏలేరు నుంచి కాలువ తవ్వి కణితి జలాశయానికి తెచ్చిన నీళ్లను, గొట్టాల్లో పొరలు కట్టకుండా శుద్ధిచేసి మరీ వాడతారు. యంత్రం నీటితోనే బతుకుతుందని, ఆ నీరు ఎలాంటిదో చూసుకోవాలని తెలిసిన ఊరు ఇది. అయినా ఒడ్డున మోటారు కడుక్కోవడానికి కుళాయి లేదు.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద కొత్త పడవలకు, వలలకు సాయం అందుతోంది. మంచిదే. దాంతోపాటు బోట్లు ఆగే ప్రతి ఒడ్డునా ఒక కుళాయి, మోటారు కాలు మునిగేంత లోతున్న సిమెంటు తొట్టి ఇవ్వాలని నా కోరిక. తొట్టిలో ఆయిలు తేలుతుంది కాబట్టి ఆ మురుగు మళ్లీ సముద్రంలో కలవకుండా పక్కన గుంట ఉండాలి. ఇంటి బిందెల వరస వేరుగా, మోటార్ల కుళాయి వేరుగా ఉండాలి, లేకపోతే రోజూ తగువే. వేట నిషేధపు రెండు నెలల్లో ఇదంతా కట్టేయొచ్చు. తాపీ పని చేసేవాళ్లు, ప్లంబర్లు పేటలోనే ఉన్నారు, ఆ రోజుల్లో వాళ్లకూ పని కావాలి.