ఎక్కడ వేసిన గొంగళి అక్కడే

ఏమండీ, మీ సైకిల్ సంగతేంటి? మొన్నటి దాకా వారం వారం స్పీడ్ పెరుగుతోందని వాట్సాప్‌లో ఊదరగొట్టేవారు కదా. ఈ మధ్య చడీచప్పుడూ లేదు. అర్థమైందిలెండి. హయత్‌నగర్ దాకా వెళ్లి రావడానికి దసరాకీ అదే టైము, సంక్రాంతికీ అదే టైము. కొత్త టైర్లు వేయించారు. సీటు కాస్త పైకి లేపించారు. ఇంట్లో తెలియకుండా ఖరీదైన హెల్మెట్ కూడా కొన్నారు. (నాకెలా తెలుసంటారా? మన మధ్య గోడ ఎత్తెంతని!) అయినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఏదీ, మీ వారం ఒకసారి చెప్పండి. సోమవారం వీఎం హోం గ్రౌండ్‌లో పరుగు. మంగళవారం జిమ్. బుధవారం ఈత. గురువారం షటిల్, అదీ ఓడినవాళ్లు టీ తాగించాలని పందెం కాసి మరీ. శుక్రవారం మళ్లీ పరుగు. శని, ఆదివారాలు సైకిల్. ఇంత చేస్తున్నా సైకిల్ ముందుకు పోదేమిటని నన్నడుగుతారా? ఇంత చేస్తున్నారు కాబట్టే పోవట్లేదు మహానుభావా!

అలాగని ఏదీ మానేయమనను. ఆ పాపం నాకొద్దు. ఈతకొట్టిన ఆకలి వేరు, పరిగెత్తిన ఆకలి వేరు. రెండూ తెలిసినవాళ్లను ఒకదానితో సరిపెట్టుకోమంటే వింటారా? పైగా మీ కన్ను గోవా మీద ఉందని కూడా తెలుసు. 2019లో అక్కడ మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3లో సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113లో 90 సైకిల్ మీదే. కాబట్టి మీ బెంగలో న్యాయం ఉంది.

ఇలాంటి బెంగే పట్టుకున్న రాబర్ట్ హిక్సన్ అని ఒకాయన అమెరికాలో ఉండేవాడు. బరువులెత్తే మనిషి. గురువుగారు జాన్ హొలోజీతో కలిసి పరుగుకు వెళ్లడం మొదలుపెట్టాక కండ కరుగుతోందని అనుమానం వచ్చింది. మనమైతే టీ కొట్టు దగ్గర నలుగురితో చెప్పుకుని ఊరుకుంటాం. ఆయన ఏకంగా పరిశోధనే చేశాడు. 1980లో అచ్చయింది. ఒక బ్యాచ్‌కు బరువులు, ఒక బ్యాచ్‌కు సైకిలూ పరుగూ, ఒక బ్యాచ్‌కు అన్నీ. పది వారాలు. అన్నీ చేసినవాళ్ల కాళ్ల బలం ఏడో వారం దాకా బాగానే పెరిగింది. తర్వాత ఆగింది. చివరికి తగ్గింది కూడా. దమ్ము మాత్రం రెండో బ్యాచ్‌కు దీటుగా పెరిగింది. అంటే జిమ్ సైకిల్‌కు శత్రువేం కాదు. ఒంటికి తేరుకునే సందు ఇవ్వకపోతేనే తంటా.

మీ అసలు జబ్బు ఏంటో చెప్పనా? రోజూ ఒకటే ఊపు. కష్టమూ కాదు, సుఖమూ కాదు. వనస్థలిపురం హరిణ వనస్థలి కంచె పక్కనుంచే కదా మీరు వెళ్లేది. లోపలి కృష్ణజింకల్ని చూడండి. పొద్దంతా తీరిగ్గా మేస్తాయి. భయం పుడితే గంటకు 80 కిలోమీటర్ల దాకా దూకుతాయి. మధ్యరకం జాగింగ్ చేసే జింకను ఎవరైనా చూశారా? స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త పెద్ద పెద్ద ఆటగాళ్ల ట్రైనింగ్ లెక్కలు తీస్తే అక్కడా ఇదే తంతు: ఐదింట నాలుగు పూటలు నెమ్మదివే.

నెమ్మది అంటే ఎంత నెమ్మది? పెద్ద అంబర్‌పేటలో గజం ఎంత పలుకుతోందో పక్క సైకిలాయనతో ఆయాసం లేకుండా చర్చించగలిగేంత. ఈ విద్య మన ఎల్‌బీ నగర్ వాళ్లకు ఒకరు నేర్పాలా! కష్టమంటే, ఆయన ఏదడిగినా మీరు చేత్తో సైగ చేయడమే. నాలుగు నిమిషాలు అలా తొక్కండి, మూడు నిమిషాలు తేలిగ్గా. నాలుగు సార్లు. గుండె తన గరిష్ఠంలో 90 నుంచి 95 శాతం కొట్టుకోవాలి. వారానికి ఒకసారి, మహా అయితే రెండు. ఆ ముందురోజు కాళ్లకు జిమ్ వద్దు, షటిల్ పందెం అసలే వద్దు. పరుగూ ఈతా ఉంచుకోండి, కాకపోతే తీరిగ్గా.

అంతా బాగానే ఉంది, నాలుగు నిమిషాలు ఆగకుండా తొక్కడానికి చోటేది? ఎల్‌బీ నగర్ కూడలిలో ఫ్లైఓవర్లూ అండర్‌పాస్‌లూ వచ్చాయి, నిజమే. అయినా పొద్దున ఎనిమిదింటికి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇక్కడిదాకా కాలు కింద పెట్టకుండా వచ్చినవాడికి నేనే శాలువా కప్పుతాను. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు. ఎక్కడ? నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు! ఊరికి ఆ కొసన. అక్కడికి చేరేసరికే మన ట్రైనింగ్ అయిపోతుంది. కొంచెం దగ్గరంటే ఉస్మానియా యూనివర్సిటీలో 2002 జాతీయ క్రీడలకు సైకిల్ పందేల కోసం కట్టిన వెలోడ్రోమ్. పోనివ్వండి, మనకు సంఘీ గుడి గుట్ట ఉంది. తెల్లవారుజామున ఆ ఎక్కుడులో గేర్లు తగ్గించుకుంటూ, రొప్పుతూ, పైన గోపురం కనబడుతుంటే... అబ్బ, మీకు నేను చెప్పాలా!

అన్నట్టు, ఖాళీ కడుపుతో కాఫీ ఒక్కటి పోసుకుని బయల్దేరుతారట, మీ ఆవిడ చెప్పింది. గంటన్నర దాటే రైడ్‌కు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఓ మోస్తరు అరటిపండులో పాతిక గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. లెక్క మీరే వేసుకోండి. ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మన గుమ్మంలోనే ఉండేది. ఇప్పుడది బాటసింగారం వెళ్లిపోయింది. మనకంటే ముందు మార్కెట్టే విజయవాడ హైవే మీద లాంగ్ రైడ్ కొట్టిందన్నమాట!

ఇక మూడు వారాలు ఒళ్లు వంచాక నాలుగో వారం అన్నీ సగానికి తగ్గించాలి. అన్నీ అంటే షటిల్ కూడా! ఒంటికి బలం పట్టేది తొక్కుతున్నప్పుడు కాదు, పడుకున్నప్పుడు. రాత్రి పదకొండింటికి ఫోన్‌లో పక్కవాళ్ల రైడ్‌లు చూస్తూ కూర్చుంటే పట్టదు. మీ గదిలో లైటు నాకు కనబడుతూనే ఉంటుంది సుమా.

ఈ ఆదివారం ఐదున్నరకు అబ్దుల్లాపూర్‌మెట్ దాకా నెమ్మది రైడ్ పెట్టుకున్నాం. రండి. కాకపోతే ఒక్క షరతు: హైవే ఎక్కగానే నన్ను దాటి ముందుకు ఉరికారో, ఆ పూట టిఫిన్ బిల్లు మొత్తం మీదే.