హిమనదము నెదుట

గత వేసవిలో మేము అలాస్కాయందలి గ్లేసియర్ బే అను అఖాతమున ఓడలో ప్రయాణము చేసితిమి. కెమెరా పట్టుట మాకు క్రొత్త.

1794లో వాంకూవరు నావికులు చూచినప్పుడు ఈ అఖాతపు ముఖము వఱకు మంచే నిండియుండెను. 1879లో జాన్ మ్యూర్ వచ్చునప్పటికి అది 40 మైళ్లకు పైగా వెనుకకుఁ దగ్గియుండెను. నేఁడు మార్జరీ హిమనదమును చూచుటకు ఓడ సుమారు 65 మైళ్లు లోనికిఁ బోవలెను. అచ్చట నీటిపై దాదాపు 250 అడుగుల యెత్తున, మైలు వెడల్పున మంచుగోడ నిలిచియున్నది. గట్టి మంచు ఎఱ్ఱని కిరణములను హరించును గనుక పగుళ్లయందు నీలిమ మెఱయుచుండును.

కెమెరా తెలుపును తెలుపని యెఱుఁగదు. వెలుగు మితిమీఱెనని యెంచి మంచును బూడిదవన్నె చేయును. కావున వెలుగును ఒక మెట్టు హెచ్చించి తీసితిమి. చలికి బ్యాటరీ త్వరగా నీరసించును. వేఱొకదానిని కోటు లోపలి జేబులో వెచ్చగా నుంచితిమి. మంచుపెళ్ల విఱిగినప్పుడు ఉఱుమువంటి ధ్వని మనలను జేరులోపలనే పెళ్ల నీటఁ బడును. అందుచే చెవిని నమ్మక కన్నునే నమ్మి, గోడవంకనే చూచుచు నిలిచితిమి. గంటసేపటికి ఒక్క పటము దక్కెను.

విద్యార్థులారా, ఆ పటము క్రింద తేదీ వ్రాసి పాఠశాల గోడకుఁ దగిలించితిమి. మీలో నెవరైనను పెద్దవారై అచ్చటికిఁ బోయినచో, మఱియొకటి తీసి దీని ప్రక్క నుంచుఁడు. మంచు ఎంత మాఱినదో మా మాటలకంటె ఆ రెండు పటములే చక్కగాఁ జెప్పును.